పని వచ్చు, మనుషులతో కలవడమే రాదు: ఆటిజం ఉన్నవాళ్ళు ఆఫీసులో ఎలా నెగ్గుకొస్తున్నారు?

టెస్టింగ్_తమ్ముడు:

నానక్‌రామ్‌గూడలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ చేస్తున్నాను. సొంతూరు నరసరావుపేట దగ్గర. నాకు ఆటిజం ఉందని ఇరవై తొమ్మిదో ఏట తెలిసింది, అదీ నిద్ర పట్టడం లేదని సైకియాట్రిస్ట్ దగ్గరికి వెళ్తే ఆవిడ అడిగిన ప్రశ్నల్లోంచి బయటపడింది. చిన్నప్పుడు ఇంట్లో ముభావం అనేవాళ్ళు, ఇంజినీరింగ్ హాస్టల్లో పొగరు అనేవాళ్ళు, ఇప్పుడు ఆఫీసులో 'టీమ్ ప్లేయర్ కాదు' అంటున్నారు.

పని విషయంలో నన్ను ఇంతవరకు ఎవరూ వేలెత్తి చూపలేదు. రిలీజ్ ముందు తేడా వస్తే మొదట నా దగ్గరికే వస్తారు. కానీ అప్రైజల్లో మేనేజర్ "టెక్నికల్‌గా నువ్వు సూపర్, కాకపోతే టీమ్‌తో కనెక్ట్ అవ్వాలి, విజిబిలిటీ పెంచుకో" అని రేటింగ్ ఒక మెట్టు తగ్గించాడు. ఏం చేస్తే కనెక్ట్ అయినట్టు అని అడిగాను, నిజంగా తెలియకే అడిగాను. "అది అలా ఫ్లోలో వచ్చేస్తుందిలే" అని నవ్వాడు.

టీకి పిలుస్తారు, వెళ్తాను. ఐపీఎల్, ఎన్నికలు, ఎవరు శంకర్‌పల్లిలో ప్లాట్ కొన్నారు, ఎవరికి ఆన్‌సైట్ వచ్చింది. ఎక్కడ నోరు తెరవాలో అర్థం కాక కప్పు పట్టుకుని నిలబడతాను, నేను మాట రెడీ చేసుకునేలోపు టాపిక్ మారిపోతుంది. మధ్యాహ్నం కెఫెటేరియాలో ఆ ప్లేట్ల చప్పుడు, జ్యూస్ కౌంటర్ మిక్సీ మోత కలిపి నెత్తిమీద కొడుతున్నట్టుంటే ఎదుటివాళ్ళు ఏమంటున్నారో కూడా వినపడదు. ఇంకో తలనొప్పి పిలుపులు. ఒక సీనియర్ 'సార్ అనకు, పేరు పెట్టి పిలువు' అన్నారు, ఇంకొకాయన పేరు పెట్టి పిలిస్తే మొహం మాడ్చుకున్నారు. "చూద్దాంలే" అంటే చేస్తారనా, చేయరనా అన్నది కూడా నాకు ఇప్పటికీ తేలలేదు.

అడగాల్సింది ఇదీ. అసలు ఎక్కడ మొదలుపెట్టాలి? ఈ టీలు, లంచ్‌లు తప్పవా? మేనేజర్‌కి, హెచ్ఆర్‌కి ఆటిజం సంగతి చెప్పాలా? ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు, బయటికి పొక్కితే ఎట్లా అని అమ్మ భయం. దయచేసి 'కాన్ఫిడెంట్‌గా ఉండు బ్రో' లాంటివి వద్దు.

పాత_బ్యాకెండ్:

తమ్ముడూ, నాకూ ఆటిజమే, ఈ లైన్లో చాలా ఏళ్ళ నుంచి ఉన్నాను. ముందు ఒకటి పక్కన పెట్టు, టీమ్ మొత్తంతో కలవాలనే లక్ష్యం. అది మనకే కాదు, చాలామంది మామూలు వాళ్ళకీ కుదరదు, వాళ్ళు కుదిరినట్టు కనిపిస్తారంతే. నీ పని ఎవరి పనికి తగులుతుందో చూసుకో. నువ్వు ఎవరి కోడ్ టెస్ట్ చేస్తున్నావో ఆ డెవలపర్, నీకు రిక్వైర్‌మెంట్ ఇచ్చే మనిషి, నీ మేనేజర్. ముగ్గురు చాలు. వాళ్ళతో పని గురించే మాట్లాడు, కానీ మాట్లాడే తీరు కాస్త మార్చు.

టెస్టర్‌కి దేవుడిచ్చిన అవకాశం ఒకటుంది. పెద్ద బగ్ దొరికితే నేరుగా జిరాలో (బగ్‌లు నమోదు చేసే సాఫ్ట్‌వేర్) టికెట్ పెట్టేసి, ట్రయాజ్ కాల్‌లో (ఏ బగ్ ముందు చూడాలో తేల్చే మీటింగ్) పదిమంది ముందు ఆ డెవలపర్‌కి మొదటిసారి తెలిసేలా చేస్తే, నువ్వు చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజమైనా సరే అతను నిన్ను గుర్తుపెట్టుకుంటాడు, మంచిగా కాదు. టికెట్ పెట్టే ముందు చాట్‌లో ఒక్క మెసేజ్ పెట్టు: "నాకు ఈ బిల్డ్‌లో ఇలా వస్తోంది, స్క్రీన్‌షాట్ పెడుతున్నా, నీ వైపు కూడా వస్తోందేమో చూస్తావా, సాయంత్రం టికెట్ పెడతా." టికెట్ ఎలాగూ పెడతావు, దాచిపెట్టేదేం లేదు. కానీ ఆ రెండు మూడు గంటలు అతనికి పరువు దక్కించుకునే టైము. నాకు ఆఫీసులో ఉన్న గట్టి స్నేహాలన్నీ ఇలా మొదలైనవే, ఏ టీ దగ్గరా మొదలవలేదు.

రెండోది మీటింగ్ అయ్యాక రాసే మెయిల్. మనకి మాటల్లో చెప్పినవి సగం గాల్లో పోతాయి, కాబట్టి "నాకు అర్థమైంది ఇదీ, ఎవరు ఏం చేయాలి, ఎప్పటికి చేయాలి, తేడా ఉంటే చెప్పండి" అని అందరికీ పంపు. నీ అవసరం కోసం మొదలుపెడతావు, నెల తిరిగేసరికి మిగతావాళ్ళు 'ఆ మెయిల్ ఎక్కడ' అని అడుగుతారు. విజిబిలిటీ అని మీ వాడన్నది ఇదే, అతనికి చెప్పడం రాలేదు.

టీ సంగతి. రోజూ వెళ్ళక్కర్లేదు, అస్సలు వెళ్ళకుండానూ ఉండకు. వారంలో ఒక రోజు పెట్టుకో, గుంపుతో కాకుండా ఒక్కరితో, అదీ జనం పల్చబడ్డాక నాలుగున్నరకి. కూర్చోవడం కంటే నడుస్తూ మాట్లాడటం మేలు, ఎదుటివాళ్ళ కళ్ళలోకి చూడాల్సిన పని ఉండదు. నేనైతే ఎవరైనా ఏదైనా చెబితే డైరీలో రాసుకుంటాను, ఫలానా ఆయన కూతురికి టెన్త్ పరీక్షలు, ఈయన వాళ్ళ నాన్నకి మోకాలి ఆపరేషన్. తర్వాత కలిసినప్పుడు అదే అడుగుతాను. మాట ఎలా మొదలుపెట్టాలన్న టెన్షన్ తీరిపోతుంది.

పశువుల్ని తోలే దొడ్ల డిజైన్లు చేసిన టెంపుల్ గ్రాండిన్ తెలుసుగా, అమెరికాలో ఆటిజం గురించి బాహాటంగా మాట్లాడిన మొదటి తరం మనిషి. ఆవిడ ఉద్యోగాల కోసం తనని తాను అమ్ముకోలేనని తెలుసుకుని గీసిన డ్రాయింగులు ముందు పెట్టేది. మనకి అదే దారి. మాటల కంటే ముందు పని కనపడాలి.

మాస్క్_తీసేశా:

పై అన్నగారు చెప్పినవి చాలావరకు బాగున్నాయి, ఆ డెవలపర్‌కి ముందు చెప్పడం నేను కూడా చేస్తాను. కానీ డైరీ సంగతి దగ్గర ఆగిపోయాను. మోకాలి ఆపరేషన్‌ని నోట్స్‌లో పెట్టుకుని అడగడం నాకు నటన అనిపిస్తుంది, ఆ నటన వల్లే నేను బెంగళూరులో నా మొదటి ఉద్యోగం వదిలేశాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నవ్వు తగిలించుకుని, ఇంటికొచ్చి లైట్లు ఆర్పేసి పడుకుని, శని ఆదివారాలు మంచం మీదే. వంట లేదు, స్నానం కూడా బలవంతం మీద. బయటినుంచి చూసినవాళ్ళకి మాత్రం నేను 'భలే కలుపుగోలు'.

ఎప్పుడూ మనమే ఎందుకు మారాలి అనే ప్రశ్న కూడా ఇక్కడ ఎవరైనా అడగాలి కదా. డేమియన్ మిల్టన్ అని బ్రిటన్‌లో ఒక సోషియాలజిస్ట్, ఆయనకీ ఆటిజం ఉంది, 2012లోనే రాశాడు, అర్థం చేసుకోలేకపోవడం రెండువైపులా ఉంటుందని. మనకి వాళ్ళు అర్థం కాకపోతే లోపం అంటారు, వాళ్ళకి మనం అర్థం కాకపోతే అదీ మన లోపమే అంటారు. 2020లో ఎడిన్‌బరో యూనివర్సిటీ వాళ్ళు ఒక పరీక్ష చేశారు, చెవిలో చెప్పుకునే ఆట లాంటిది, ఒక కథని ఒకరి నుంచి ఒకరికి చెప్పించారు. అందరూ ఆటిజం ఉన్నవాళ్ళే అయిన వరుసలో కథ మామూలు వాళ్ళ వరుసలో నిలిచినంతే నిలిచింది, ఇద్దరినీ కలిపిన వరుసలోనే ఎక్కువ జారిపోయింది. తర్వాత ఇంకా ఎక్కువమందితో చేసినప్పుడు కలిపిన వరుసల్లో ఆ తేడా కనపడలేదు, అది కూడా చెప్పాలి. కానీ మనకి విషయం చేరవేయడం రాదన్న మాట మాత్రం రెండుసార్లూ నిలబడలేదు.

కాబట్టి తమ్ముడూ, నేను చెప్పేది, అన్నీ మార్చుకోకు. ఏది మార్చుకుంటే నీకు పెద్దగా ఖర్చు కాదో అది మార్చుకో. గుడ్ మార్నింగ్ చెప్పడం నాకు ఖర్చు కాదు, చెబుతాను. కళ్ళలోకి చూడటం ఖర్చు, మానేశాను, "నేను కింద చూస్తూ వింటే బాగా వింటాను, పట్టించుకోకండి" అని టీమ్‌కి చెప్పేశాను. ఒక్కరు కూడా మళ్ళీ అడగలేదు.

పాత_బ్యాకెండ్:

అమ్మా, డైరీ నాకు నటన కాదు. వాళ్ళ నాన్న ఎలా ఉన్నారో నాకు నిజంగానే తెలుసుకోవాలని ఉంటుంది, ఆ టైముకి గుర్తు రాదంతే. పుట్టినరోజులు ఫోన్‌లో పెట్టుకోని వాళ్ళెవరు? నీకు ఖర్చు అయితే మానెయ్, అది ఒప్పుకుంటా.

లీడ్_అక్క:

నాకు ఆటిజం లేదు. మేనేజర్ వైపు నుంచి చెబుతాను, ఎందుకంటే మీ మేనేజర్ చెప్పింది ఫీడ్‌బ్యాక్ కాదు, చేతులు దులుపుకోవడం.

విజిబిలిటీ అంటే లోపల ఏం జరుగుతుందో చెప్తా వినండి. రేటింగులు మీ మేనేజర్ ఒక్కడే వేయడు. నార్మలైజేషన్ మీటింగ్ అని ఒకటుంటుంది, ఐదారుగురు మేనేజర్లు కూర్చుని తమ తమ వాళ్ళ పేర్లు చదువుతారు, పై రేటింగులు అందరికీ ఇవ్వడానికి లేదు. మీ పేరు చదివినప్పుడు పక్క టీమ్ మేనేజర్ "ఆ అబ్బాయా, మొన్న రిలీజ్‌లో మాకు చాలా హెల్ప్ చేశాడు" అంటే పని అయిపోయినట్టే. ఎవరూ ఏమీ అనకపోతే మీ మేనేజర్ ఒక్కడే వాదించాలి, చాలామంది వాదించరు. అంటే మీరు చేయాల్సింది అందరితో జోకులు వేయడం కాదు, మీ టీమ్ బయట ఇద్దరు ముగ్గురికి మీ పని తెలిసేలా చూసుకోవడం. పక్క టీమ్ బగ్ ఒకటి పరిష్కరిస్తే వాళ్ళ లీడ్‌ని కాపీలో పెట్టి ముగింపు మెయిల్ రాయండి. పది నిమిషాల డెమో ఇవ్వండి, మాటలు ముందే రాసుకుని చదివినా ఎవరూ ఏమీ అనుకోరు.

ఈసారి వన్ ఆన్ వన్‌లో మేనేజర్‌ని ఇలా అడగండి: "వచ్చే క్వార్టర్ లోపల నేను చేయాల్సినవి రెండు చెప్పండి, అవి చేస్తే ఈ కామెంట్ పోతుందనుకోవచ్చా? నేను మెయిల్‌లో రాసి పంపుతాను." రాతలో పెడతానంటే మనిషి జాగ్రత్తగా ఆలోచించి చెబుతాడు. ఫ్లో అనే మాట మెయిల్‌లో రాయలేడు కదా.

పిలుపుల గొడవకి నాకు తెలిసిన సులువైన పద్ధతి, ఎవరైనా సరే ముందు 'గారు'. వాళ్ళే వద్దంటే అప్పుడు వాళ్ళొక్కళ్ళకే మానేయండి. గారు అన్నందుకు ఇబ్బంది పడినవాళ్ళు ఉంటారు గానీ కోపం తెచ్చుకున్నవాళ్ళని నేను చూడలేదు. ఇంగ్లీషులో మాట్లాడుతున్నప్పుడు మాత్రం మీ స్థాయి వాళ్ళు ఆ మనిషిని ఎలా పిలుస్తున్నారో అదే అనుసరించండి.

'చూద్దాంలే'ని తేదీ వచ్చేదాకా కాదు అనే లెక్కలో ఉంచుకోండి. "ఎప్పటికల్లా చూద్దామండీ, గురువారం గుర్తు చేయమంటారా" అని అడిగితే నిజంగా చేసేవాళ్ళు సరే అంటారు, మిగతావాళ్ళు ఏదో సాకు చెబుతారు. రెండూ మీకు జవాబులే.

విశాఖ_గుమాస్తా:

ఆఫీసులో చెప్పాలా వద్దా అనేదానికి నేను రాస్తాను, మా తమ్ముడి సర్టిఫికెట్ కోసం తిరిగినవాణ్ణి.

2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఉన్న 21 రకాల్లో ఆటిజం ఒకటి. ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్ ఉంటే అందులో 1 శాతం ఆటిజం, మేధో వైకల్యం, మానసిక అనారోగ్యం లాంటివాళ్ళందరికీ కలిపి. నీది ప్రైవేటు కాబట్టి అది నీకు పనికిరాదు, కానీ 21వ సెక్షన్ ప్రకారం ప్రైవేటు సంస్థ కూడా సమాన అవకాశాల పాలసీ రాసి ప్రకటించాలి, ఇరవై మంది, అంతకంటే ఎక్కువ మంది ఉంటే 2017 రూల్స్ ప్రకారం దానికి ఒక లైజన్ ఆఫీసర్‌ని, అంటే వికలాంగ ఉద్యోగుల సంగతి చూసే మనిషిని పెట్టాలి. మీ కంపెనీ ఇంట్రానెట్‌లో ఆ పాలసీ వెతుకు. అందులో ఏం రాశారో, ఎవరి పేరు ఉందో చూస్తే చెప్పాక ఏం జరుగుతుందో కొంత తెలుస్తుంది. పాలసీయే లేదంటే అదీ ఒక సమాచారమే.

సర్టిఫికెట్ కోసం డాక్టర్లు వైకల్యం ఎంత శాతమో తేలుస్తారు, మనం సదరం క్యాంపు అని పిలుచుకునేది అదే, ఇప్పుడు యూడీఐడీ అనే వైకల్య గుర్తింపు కార్డు కూడా వస్తుంది. ఆటిజానికి ఐఎస్ఏఏ అనే 40 అంశాల స్కేలు వాడతారు, అది తయారైంది మన సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం మీద పనిచేసే జాతీయ సంస్థలోనే. రిజర్వేషన్ లాంటి లాభాలకి వైకల్యం కనీసం 40 శాతం ఉండాలి. నీలా ఉద్యోగం చేసుకుంటున్న వాళ్ళకి అంత రాకపోవచ్చు, అంతమాత్రాన నిరాశపడకు. 2021లో వికాస్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు, పరీక్షలో రాసిపెట్టే మనిషిని ఇవ్వడానికి 40 శాతం ఉండి తీరాలనడం తప్పు అని చెప్పింది. అవసరమైన వెసులుబాటు వేరు, రిజర్వేషన్ వేరు.

40 శాతం, అంతకంటే ఎక్కువ వస్తే ఇన్‌కమ్ ట్యాక్స్‌లో వైకల్యం కింద 75,000 మినహాయింపు ఉంటుంది, పాత పన్ను విధానంలో మాత్రమే. ఇక్కడో మెలిక. ఆఫీసు పేరోల్‌లో ఆ డిక్లరేషన్ ఇస్తే నీ సంగతి అక్కడ ఎవరో ఒకరికి తెలిసిపోయినట్టే. ఎవరికీ తెలియకూడదనుకుంటే ఆఫీసులో ఇవ్వకుండా రిటర్న్ వేసేటప్పుడే తీసుకో.

నా సలహా అడిగితే ముందు జబ్బు పేరు చెప్పకు (జబ్బు కాదులెండి, మా ఊళ్ళో అలవాటు మాట), అవసరం చెప్పు. "నాకు శబ్దం ఎక్కువుంటే పని సాగదు, చివరి వరుసలో సీటు ఇప్పించండి, సూచనలు చాట్‌లో రాసి ఇస్తే తప్పులు రావు." దీనికి సర్టిఫికెట్ అడిగే మేనేజర్లు తక్కువ. అడిగితేనో, రేటింగ్ మళ్ళీ తగ్గితేనో అప్పుడు హెచ్ఆర్‌కి, అదీ మెయిల్‌లో, ఇది రహస్యంగా ఉంచమని రాసి చెప్పు. సంబంధాల విషయం ఆఫీసుతో కలపొద్దు. కాకపోతే ఒకటి, మన టీముల్లో మన జిల్లావాడు, మన కాలేజీవాడు తప్పకుండా ఒకడుంటాడు, వాడికి తెలిస్తే ఊరికి తెలియడానికి ఎంతోసేపు పట్టదు. చెప్పేది పైవాళ్ళకే చెప్పు.

బర్మింగ్‌హామ్_బాబాయ్:

విశాఖ ఆయన చివరి మాటకి ఓటు. ఇక్కడ యూకేలో 2010 ఈక్వాలిటీ యాక్ట్ ఉంది, యాక్సెస్ టు వర్క్ అని ప్రభుత్వ పథకం ఉంది, ఉద్యోగంలో అవసరమయ్యే సపోర్ట్‌కి గ్రాంట్ ఇస్తుంది, నాకు దానిమీదే వర్క్‌ప్లేస్ కోచ్ దొరికింది. ఇంగ్లీషు మేనేజర్‌కి మొదటి వారంలోనే చెప్పేశాను. అదే ఫ్లోర్‌లో ఉన్న మన తెలుగు వాట్సాప్ గ్రూపు వాళ్ళకి ఇప్పటిదాకా చెప్పలేదు. ఉగాది ఫంక్షన్‌కి వెళ్తే 'ఏంటి బాబాయ్ ఎప్పుడూ ఒక మూల కూర్చుంటావు' అంటారు, నవ్వి ఊరుకుంటా.

టెస్టింగ్_తమ్ముడు:

అందరికీ థ్యాంక్స్. నార్మలైజేషన్ మీటింగ్ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు, అదొక్కటి తెలిసేసరికే సగం బరువు దిగింది, ఇన్నాళ్ళూ నా మొహం నచ్చక తగ్గించారనుకుంటున్నా. డెవలపర్‌కి ముందుగా మెసేజ్ పెట్టడం ఇవాళే చేశాను. "థ్యాంక్స్ రా, కాల్‌లో చెప్పి ఉంటే చచ్చేవాణ్ణి" అన్నాడు. ఇంతకుముందు నన్ను మీరు అనేవాడు.

డైరీ గురించి ఇంకా తేల్చుకోలేదు. అక్క చెప్పినట్టు మెయిల్‌లో అడుగుతాను. హెచ్ఆర్‌కి ఇప్పుడే కాదు, పాలసీ మాత్రం వెతికాను, ఉంది, రెండు పేజీలు, ఆటిజం అనే మాట కూడా ఉంది.

ఇంకొక్కటే. వచ్చే నెల టీమ్ ఔటింగ్, మొయినాబాద్ వైపు ఏదో రిసార్ట్, పొద్దున క్రికెట్, సాయంత్రం డీజే. వెళ్ళకపోతే మళ్ళీ అదే మాట అంటారు. వెళ్తే డీజే దగ్గర నా పని అయిపోతుంది. ఎలా?

మాస్క్_తీసేశా:

డీజే ముందే వచ్చేయ్. ఇంట్లో పని అని అబద్ధం కూడా అక్కర్లేదు, "నాకు లౌడ్ మ్యూజిక్ పడదు, భోజనం దాకా ఉంటా" అని ఆర్గనైజ్ చేసేవాళ్ళకి వారం ముందే చెప్పు. ఆ రోజు చెబితే బతిమాలతారు, ముందు చెబితే సరే అంటారు.

లీడ్_అక్క:

ఆవిడ చెప్పిందే, దానికి తోడు ఏదో ఒక పని నెత్తిన వేసుకోండి. చేతిలో పని ఉన్నవాడిని ఎందుకు మాట్లాడటం లేదని ఎవరూ అడగరు, పైగా అందరూ వాళ్ళంతట వాళ్ళే మీ దగ్గరికి వస్తారు. క్రికెట్‌కి స్కోరు రాసేవాళ్ళు ఎప్పుడూ దొరకరు, మా టీమ్‌లో ప్రతిసారీ దానికే గొడవ. మీరు రాస్తానంటే ఎగిరి గంతేస్తారు. మరుసటి రోజు ఎవరెన్ని కొట్టారో గ్రూప్‌లో పెట్టండి. ఆఫీసు బస్సులో మాత్రం వెళ్ళకండి, అది అందరూ కదిలేదాకా కదలదు. మొయినాబాద్ ఎంతో దూరం కాదు, మీ బండి మీద వెళ్ళండి.